ద్వారపాలకుడు

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: ఈ పాఠ్యభాగం వ్యాసప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, సకారణంగా, సోదాహరణంగా వివరించే రచనను వ్యాసం అంటారు. సాంకేతిక విషయాలను కూడ తెలుగులో వివరించవచ్చునని ఇటువంటి వ్యాసాలు నిరూపిస్తాయి.

ఉద్దేశం: ఇంటి కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేరును ఇన్‌స్టాల్ చేయబోయినప్పుడు ‘అనుమతి లేదు’ అనే సందేశం ఎందుకు వస్తుందో, దానిని ఏ క్రమంలో పరిష్కరించుకోవాలో, ఏ పనులు చేయకూడదో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1. వేలెత్తిన విగ్రహం

నంద్యాల నుంచి కడపకు పోయే రహదారిలో ఆళ్లగడ్డ చేరేసరికి ఉలి చప్పుడు వినిపిస్తుంది. శిల్పకళకు పేరుపడిన ఊరు అది. అక్కడి శిల్పశాలల్లో రూపుదిద్దుకొన్న విగ్రహాలు ఎన్నో ఆలయాలకు తరలివెళ్తాయి. ఆలయద్వారానికి ఇరువైపుల నిలిచే ద్వారపాలకుల ప్రతిమలను చూడండి. ఒక చేత గద, మరొక చేత తర్జనీముద్ర. ఎత్తిన ఆ చూపుడువేలు, లోపలికి పోయేవారిని ‘ఎవరవు? ఎందుకు వచ్చావు? ఎంతవరకు పోదలచావు?’ అని ప్రశ్నిస్తున్నట్లుంటుంది.

మన ఇళ్లలోని కంప్యూటరులోనూ ఇటువంటి ద్వారపాలకుడొకడున్నాడు. కొత్త సాఫ్ట్‌వేరును లోపలికి తీసుకొనిపోబోతే అతడు వేలెత్తి నిలుపుతాడు. అతని మాట అర్థం కానివారు యంత్రం చెడిపోయినదని కంగారుపడతారు. ఆ కంగారులో చేసే పనులవల్లనే అసలైన నష్టం కలుగుతుంది.

2. ఒక శనివారం సాయంత్రం

ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఇంటిని ఊహించుకొందాం. తండ్రి శిల్పశాల నడుపుతాడు. కొడుకు చదువు ముగించి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. వెళ్లేముందు ఇంట్లో ఒక కంప్యూటరు అమర్చిపోయాడు. కూతురు నంద్యాలలో ఇంటర్మీడియట్ చదువుతూ, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తుంది. ఆ కంప్యూటరులో తండ్రి పదేండ్లుగా మలిచిన విగ్రహాల ఛాయాచిత్రాలు, వాటి కొలతలు, ఎవరికి ఏ విగ్రహం ఇచ్చినదీ, ఎవరి నుంచి ఎంత రావలసి ఉన్నదీ తెలిపే లెక్కలు ఉన్నాయి.

ఒక శనివారం తండ్రి ఆమెకు ఒక పని అప్పగించాడు. ఒక పీఠం మీద చెక్కవలసిన దాతల పేర్లను పెద్ద తెలుగు అక్షరాలలో కూర్చి, కాగితంపై ముద్రించి ఇవ్వాలి. ఆ కాగితాన్ని రాతిపై ఉంచి, అక్షరాల అంచులు గీసుకొని, గీతల వెంబడి ఉలి నడుపుతారు. సోమవారం ఉదయం ఆ పని మొదలుకావాలి.

అందుకు ఆమె, ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్ అనే సాఫ్ట్‌వేరును దాని అధికారిక వెబ్‌సైటు నుంచి దింపుకొన్నది. ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టింది. కొంతదూరం సాగిన తరువాత తెర మసకబారింది. మధ్యలో చిన్న పెట్టె ఒకటి కనిపించింది. ‘ఈ సాఫ్ట్‌వేరు మీ కంప్యూటరులో మార్పులు చేయడానికి అనుమతిస్తారా?’ అని అందులో ఉన్నది. కింద అన్న పేరు, దాని పక్కన పాస్‌వర్డు రాయవలసిన గడి. తోచిన పదాలు రెండు మూడు కొట్టి చూసింది. ఫలితం లేకపోయింది.

కంప్యూటర్లు బాగుచేసే తెలిసినవారికి ఫోను చేసింది. “తీసుకొని రామ్మా, గంటలో ఫార్మాట్ కొట్టి కొత్తది వేసిస్తా. ఇంక ఏ పాస్‌వర్డూ అడగదు” అన్నాడతడు. ఆమెకు ప్రాణం లేచివచ్చినట్లయింది. తీగలు ఊడదీసి, కంప్యూటరును సంచిలో సర్దుతుండగా తండ్రి వచ్చాడు.

“ఫార్మాట్ అంటే ఏమి పాపా?”

“అంటే, ఉన్నదంతా తుడిచేసి కొత్తగా వేస్తారు నాయనా.”

“ఉన్నదంతానా? బొమ్మల ఫోటోలు కూడానా?”

ఆమె చేతిలోని తీగ అట్లే ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదని ఇల్లు పడగొట్టుకోబోతున్నామని అప్పుడు తోచింది. ఈ ఇంటి కథను కాసేపు ఇక్కడ నిలిపి, ఆ తలుపు ఎందుకు ఉన్నదో తెలుసుకొందాం.

3. అధికారవిభజన ఎందుకు?

కంప్యూటరు అన్నది మొదట ఒక్కరి సొత్తు కాదు. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకులు పంచుకొని వాడుకొనేవారు. ఒకరి ఫైలును మరొకరు తుడిచివేయకుండ, ఒకరి పొరపాటువల్ల అందరి పని ఆగిపోకుండ చూడవలసిన అవసరం అప్పుడే కలిగింది. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ప్రారంభించిన యూనిక్స్ అనే నిర్వహణవ్యవస్థలో ఈ విషయమై చక్కని ఏర్పాటు రూపొందింది. నేటి లినక్స్ ఆ బాటలోనే నడుస్తున్నది.

ఆ ఏర్పాటు ప్రకారం ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక బృందం, తక్కిన అందరు అని మూడు తరగతులవారు ఉంటారు. చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు ఉంటాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని విలువలు కట్టి, వాటిని కూడి ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క అంకె వేస్తారు. 644 అంటే యజమానికి చదివే, రాసే హక్కులు. తక్కిన రెండు తరగతులకూ చదివే హక్కు మాత్రమే. 755 అంటే యజమానికి మూడు హక్కులు; మిగిలినవారికి చదవడం, నడపడం. ఇక 777 అంటే అందరికీ అన్నీ. తలుపు, గొళ్లెం, తాళం మూడింటినీ ఊడబెరికిన ఇల్లన్నమాట.

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు తమ పరిశోధనపత్రంలో ఒక సూత్రాన్ని స్పష్టంగా ప్రతిపాదించారు. ఏ వ్యక్తికైనా, ఏ ప్రోగ్రాముకైనా తన పని నెరవేరడానికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి. అంతకు మించి ఇవ్వరాదు. దీనిని కనీసాధికార సూత్రం అనవచ్చు.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై, నంద్యాల ప్రాంతం మీదుగా కడప వైపు సాగే కె.సి. కాలువను గుర్తు తెచ్చుకోండి. తన మడిలోకి నీరు పెట్టుకోవడానికి రైతు ఎవరినీ అడగనక్కరలేదు. పార పట్టుకొని గట్టు తెంచుకొంటాడు. ప్రధాన కాలువ తూము తలుపులను ఎత్తడం, దించడం మాత్రం లస్కరు పని. రైతు మీద అపనమ్మకంతో ఆ కట్టుబాటు పెట్టలేదు. ఒక్క తూము వేళకాని వేళ లేచినా దిగువ పొలాలన్నిటికీ నష్టం కలుగుతుంది కనుక పెట్టారు.

శిల్పశాలలోనూ ఇంతే. రాతిని చదును చేయడానికి, ఒళ్లు తీర్చడానికి పలువురు చేయి వేస్తారు. విగ్రహానికి కన్నులు తెరిచే నయనోన్మీలనం మాత్రం పెద్దశిల్పి చేతి మీదుగా జరగడం సంప్రదాయం. అక్కడ ఉలి తప్పితే దిద్దుకొనే వీలు లేదు.

కంప్యూటరులో ఆ పెద్దశిల్పి స్థానం నిర్వాహకునిది. విండోస్‌లో అతనిని అడ్మినిస్ట్రేటరు అనీ, లినక్స్‌లో రూట్ అనీ అంటారు. తక్కినవారు సాధారణ వినియోగదారులు. తమ పత్రాలు, తమ చిత్రాలు వారి మడులు. యంత్రమంతటికీ సంబంధించిన ఫోల్డర్లు ప్రధాన కాలువ వంటివి.

4. ఇంటి కంప్యూటరులోకి వచ్చిన కాపలా

ఇళ్లకు వచ్చిన తొలి కంప్యూటర్లలో ఈ విభజన లేదు. విండోస్ 95, 98 కాలంలో యంత్రం ముందు కూర్చొన్నవారే సర్వాధికారులు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ఖాతాల ఏర్పాటు ఉన్నప్పటికీ, ఇళ్లలో సామాన్యంగా అందరూ నిర్వాహకుల ఖాతాతోనే పని చేసుకొనేవారు. అందువల్ల ఇంటర్నెట్ నుంచి పొరపాటున దిగిన వైరసుకు కూడ ఇంటి యజమానికున్నంత అధికారం దక్కేది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి, 2007లో సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన విస్టాలో యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే ఏర్పాటు చేశారు. దాని ప్రకారం నిర్వాహకుడు తెరిచిన ప్రోగ్రాములు కూడ మామూలు అధికారంతోనే నడుస్తాయి. యంత్రమంతటికీ సంబంధించిన మార్పు చేయవలసి వచ్చినప్పుడు తెర మసకబారి, అనుమతి కోరే పెట్టె కనిపిస్తుంది. నిర్వాహకుని ఖాతాలో ఉన్నవారు ‘అవును’ అంటే చాలు. సాధారణ ఖాతాలో ఉన్నవారు నిర్వాహకుని పాస్‌వర్డు ఇవ్వాలి. ఆరంభంలో ఈ పెట్టె మాటిమాటికీ ప్రత్యక్షమై విసుగు పుట్టించినందువల్ల, 2009లో వచ్చిన విండోస్ 7లో దాని తీవ్రతను నాలుగు మెట్లలో మార్చుకొనే వీలు కల్పించారు.

లినక్స్‌లో ఇదే పనిని ‘సుడో’ అనే ఆదేశం నెరవేరుస్తుంది. దీనిని 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫెలో ప్రాంగణంలో రూపొందించారు. ఏ ఆదేశానికి ముందు ఈ మాట చేరుస్తామో ఆ ఒక్క ఆదేశానికి మాత్రమే పెద్ద అధికారం లభిస్తుంది. మన దేశంలో సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్‌లోనూ సాఫ్ట్‌వేరు ఇన్‌స్టాల్ చేయడానికి ఇటువంటి అధికారమే కావాలి.

5. అనుమతి నిరాకరణకు కారణాలు

‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని విండోస్ చెప్పినా, ‘పర్మిషన్ డినైడ్’ అని లినక్స్ చెప్పినా భావం ఒక్కటే. మొదటిదానికి 5, రెండవదానికి 13 అని సంఖ్యలు ఉన్నాయి. సందేశం ఒక్కటే అయినా కారణాలు పలు విధాలు. జ్వరం ఒక్కటే అయినా రోగాలు వేరైనట్లు, కారణం తెలియకుండ మందు వేయరాదు.

మొదటి కారణం: ఇన్‌స్టాలరు యంత్రానికంతటికీ చెందిన ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ వంటి ఫోల్డరులో రాయబోవడం, దానిని నడిపినవారికి ఆ అధికారం లేకపోవడం. ఇళ్లలో సాధారణంగా ఎదురయ్యేది ఇదే.

రెండవ కారణం: యజమాని మారడం. పాత కంప్యూటరులోని హార్డ్‌డిస్కును కొత్తదానికి తగిలించినప్పుడు, మన ఫైళ్లే మనకు తెరుచుకోవు. విండోస్ మనిషిని పేరుతో గుర్తించదు. ఖాతాకిచ్చిన సంఖ్యతో గుర్తిస్తుంది. పాత ఖాతాకూ కొత్త ఖాతాకూ పేరు ఒకటే అయినా సంఖ్యలు వేరు.

మూడవ కారణం: రక్షణ సాఫ్ట్‌వేరు అడ్డగించడం. 2017 నుంచి విండోస్ 10లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సౌకర్యం ఉన్నది. దానిని పనిచేయించి ఉంటే, పరిచయం లేని ప్రోగ్రాములు మన పత్రాల ఫోల్డరులో రాయలేవు.

నాల్గవ కారణం: లినక్స్‌లో, దింపుకొన్న ఫైలుకు నడిచే హక్కు లేకపోవడం. దానికి చదివే హక్కు ఉన్నా 1 అనే విలువ గల హక్కు లేకపోతే అది కదలదు.

ఐదవది కారణం కాదు, కారణమని భ్రమపెట్టేది. మరొక ఇన్‌స్టాలరు అప్పటికే నడుస్తుండవచ్చు. లినక్స్‌లో అప్పుడు తాళం గురించిన సందేశం వస్తుంది. అందులో 13కు బదులు 11 అనే సంఖ్య ఉంటే, అది అధికారలోపం కాదు. వేచి ఉండమని అర్థం.

తెలుగువారికి ఈ చిక్కుతో పాత పరిచయమే ఉన్నది. ఎక్స్‌పీ కాలంలో తెలుగు అక్షరాలు సరిగా కనిపించాలంటే, భారతీయ లిపులకు అవసరమైన ఫైళ్లను విడిగా చేర్చుకోవలసి వచ్చేది. ఆ పనికి నిర్వాహకుని అధికారం కావాలి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను దింపుకొన్న విద్యార్థి, నెట్ సెంటరులోనో కళాశాల ప్రయోగశాలలోనో వాటిని చేర్చబోతే అధికారం లేక ఆగిపోవలసి వచ్చేది. 2018లో వచ్చిన విండోస్ 10 కొత్త కూర్పు నుంచి, ఫాంటును తన ఖాతాకు మాత్రమే చేర్చుకొనేవారికి నిర్వాహకుని అనుమతి అవసరం లేకుండ పోయింది. అందరి కోసం చేర్చేవారికి మాత్రం ఇప్పటికీ కావాలి. అవసరాన్ని తగ్గించుకొంటే అనుమతి అవసరమూ తగ్గుతుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

6. పరిష్కారక్రమం

ఇట్టి సందేశం ఎదురైనప్పుడు ఈ కింది క్రమాన్ని పాటించడం మంచిది.

(అ) సందేశాన్ని పూర్తిగా చదవాలి. అందులో ఏ ఫోల్డరు పేరు ఉన్నది, ఏ సంఖ్య ఉన్నది, ఎవరి పాస్‌వర్డు అడుగుతున్నది అన్నవి ఒక కాగితంపై రాసుకోవాలి. సగం రోగనిర్ణయం అక్కడే జరుగుతుంది.

(ఆ) సాఫ్ట్‌వేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అనుమతి కోరే పెట్టెలో ప్రచురణకర్త పేరు ఉంటుంది. ఆ పేరు మనం ఆశించినదేనా? ‘తెలియని ప్రచురణకర్త’ అని ఉంటే, దానిని ఎక్కడ దింపుకొన్నామో మరొకసారి ఆలోచించుకోవాలి.

(ఇ) ఇతర ప్రోగ్రాములను మూసి, కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ ప్రారంభించాలి. సగంలో ఆగిన పాత ఇన్‌స్టాలరు అడ్డుగా ఉంటే దీనితో తొలగిపోతుంది.

(ఈ) నా ఒక్కరికే చాలునా, ఇంట్లో అందరికీ కావాలా అని ప్రశ్నించుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ‘నాకు మాత్రమే’ అనే ఎంపికను ఇస్తాయి. అది చాలితే నిర్వాహకుని అనుమతే అక్కరలేదు.

(ఉ) అందరికీ కావలసినదే అయితే, ఇన్‌స్టాలరుపై మౌసు కుడిమీటను నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అనే దానిని ఎంచుకోవాలి. పాస్‌వర్డు కలిగినవారు స్వయంగా వచ్చి దానిని టైపు చేయాలి. లినక్స్‌లో అయితే సుడో ఆదేశాన్ని వాడాలి.

(ఊ) పాత డిస్కులోని సొంత పత్రాలు తెరుచుకోకపోతే, నిర్వాహకుడు ఆ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ విభాగానికి వెళ్లి యజమాని పేరు మార్చాలి. ఆ ఒక్క ఫోల్డరుకే మార్చాలి గాని, డిస్కు మొత్తానికి మార్చరాదు.

(ఋ) లినక్స్‌లో దింపుకొన్న ఫైలు నడవకపోతే, అది నమ్మదగినదని నిర్ధారించుకొన్న తరువాత, దాని ప్రాపర్టీస్‌లో నడిపే హక్కును యజమానికి ఇస్తే సరిపోతుంది.

ఈ ఏడింటిలోనూ ఫార్మాట్ అన్న మాట రాలేదని గమనించండి. అనుమతి చిక్కుకు అది మందు కాదు.

7. చేయకూడని పనులు

విసుగుతో కాపలాను పూర్తిగా తొలగించడం మొదటి తప్పు. పెట్టె కనిపించడం ఆగిపోతుంది. దానితోపాటు ప్రమాదం వచ్చినప్పుడు హెచ్చరించేవారూ ఉండరు. డిస్కు మొత్తానికి అందరికీ సర్వాధికారం ఇవ్వడం, లినక్స్‌లో 777 అని కొట్టడం రెండవ తప్పు. సాఫ్ట్‌వేరు ఇన్‌స్టాల్ కావాలంటే రక్షణను ఆపివేయమని చెప్పే దొంగ కూర్పులను నమ్మడం మూడవ తప్పు. ద్వారపాలకుణ్ణి నిద్రపుచ్చమని అడిగేవాడు అతిథి అయ్యే అవకాశం తక్కువ. ఇక, ఫైళ్ల నకలు తీసుకోకుండ ఫార్మాట్ చేయించడం అన్నిటికంటె పెద్ద తప్పు.

8. ద్వారపాలకుని పరిమితి

అయితే ఈ కాపలా ఒక్కటే మనలను సర్వవిధాల కాపాడుతుందని భావించరాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము అనేక దేశాల కంప్యూటర్లలో ఫైళ్లను తాళం వేసి, డబ్బు చెల్లించమని బెదిరించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దానికి గురి అయ్యాయి. అది ఎవరి అనుమతీ కోరలేదు; విండోస్‌లోని ఒక లోపం గుండా గోడకు కన్నం వేసి ప్రవేశించింది. ఆ లోపాన్ని పూడ్చే సవరణ అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చిలో విడుదలయింది. సవరణలను ఎప్పటికప్పుడు చేర్చుకోవడం ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ సవరణల సేవ ముగిసిందన్న విషయాన్ని పాత కంప్యూటర్లు వాడేవారు గుర్తుంచుకోవాలి.

మరొక పరిమితి కూడ ఉన్నది. మన పత్రాలు మన అధికారంలోనే ఉంటాయి. కనుక మనం నడిపిన దుష్ట ప్రోగ్రాము వాటిని చెరపదలిస్తే, దానికి పెద్ద అధికారం అక్కరలేదు. మన అధికారమే చాలు. దీనికి విరుగుడు ఒక్కటే. విలువైన ఫైళ్ల నకలును వేరొక డిస్కులో ఉంచి, పని ముగియగానే దానిని కంప్యూటరు నుంచి విడదీసి దాచుకోవాలి.

9. తెరుచుకొన్న తలుపు

ఆళ్లగడ్డ ఇంటికి తిరిగి వద్దాం. ఆ అమ్మాయి ఊడదీసిన తీగలను మళ్లీ తగిలించి అన్నకు ఫోను చేసింది. పాస్‌వర్డు చెప్పమని అడిగింది. అతడు వెంటనే చెప్పలేదు.

“ఆ పెట్టెలో ఉన్నదంతా చదువు పాపా. ప్రచురణకర్త ఎవరని ఉంది?”

“ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉందన్నా.”

“సరే, అది లిబ్రే ఆఫీస్ వాళ్లదే. ఎక్కడ దింపినావు?”

“వాళ్ల సైటులోనే.”

అవతల కాసేపు మాట వినిపించలేదు. తరువాత అతడు ఫోను తండ్రికి ఇమ్మన్నాడు. ఇంటిల్లిపాది వస్తువుకు తాళంచెవి తన వద్ద ఉంచుకొని, రెండువందల మైళ్ల అవతల కూర్చొనడం పొరపాటని అతనికి అప్పుడు అర్థమయింది. పాస్‌వర్డును అక్షరం అక్షరం తండ్రికి చెప్పాడు. తండ్రి దానిని లెక్కల పుస్తకంలో రాసుకొని, ఆ పుస్తకాన్ని ఇనుపపెట్టెలో పెట్టాడు. పండుగకు వచ్చినప్పుడు నాయన పేర వేరుగా నిర్వాహకుని ఖాతా తెరుస్తానని, చెల్లెలి ఖాతా మాత్రం సాధారణ ఖాతాగానే ఉంచుతానని అన్న చెప్పాడు. ఆమె అందుకు నొచ్చుకోలేదు. ఆమె పనికి అంతే చాలు.

అంతవరకు కీబోర్డు తాకని తండ్రి, ఉలి పట్టిన వేలితో ఒక్కొక్క అక్షరం వెదకి నొక్కాడు. మసక తొలగింది. ఇన్‌స్టాల్ ముగిసింది.

“కన్ను తెరిచే పని పెద్దోడే చెయ్యాల. కాకుంటే, ఆ పెద్దోడు ఇంట్లో ఉండాల” అన్నాడాయన.

ఆదివారం ఉదయం ఆమె చేసిన మొదటి పని దాతల పేర్లు టైపు చేయడం కాదు. పదేండ్ల విగ్రహాల చిత్రాలను వేరొక డిస్కులోకి నకలు చేయడం. సోమవారం ఉదయం పీఠంపై కాగితం పరిచేవేళకు ఆమె నంద్యాల బస్సులో ఉన్నది.

అభ్యాసం

I. కఠినపదాలకు అర్థాలు
తర్జనీముద్ర = చూపుడువేలు ఎత్తి చూపే ముద్ర
ప్రభృతులు = మొదలైనవారు
నయనోన్మీలనం = కన్నులు తెరవడం
లస్కరు = కాలువ తూములను చూసుకొనే ఉద్యోగి
నిరాకరణ = కాదనడం
ఇంటిల్లిపాది = ఇంట్లోని అందరు

II. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కంప్యూటరులో అధికారవిభజన అవసరాన్ని పాఠంలోని ఉపమానాల ఆధారంగా వివరించండి.
2. అనుమతి నిరాకరణకు గల కారణాలను, పరిష్కారక్రమాన్ని వివరించండి.

III. కింది ప్రశ్నలకు లఘు సమాధానాలు రాయండి.
1. కనీసాధికార సూత్రం అనగానేమి?
2. 755, 777 అనే సంఖ్యలలోని భేదం ఏమిటి?
3. ఫార్మాట్ చేయించే ప్రయత్నాన్ని అమ్మాయి ఎందుకు విరమించుకొన్నది?
4. ద్వారపాలకుని పరిమితులు ఏవి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “ఉన్నదంతానా? బొమ్మల ఫోటోలు కూడానా?”
2. “కన్ను తెరిచే పని పెద్దోడే చెయ్యాల.”

V. సంధులు
1. నయనోన్మీలనం = నయన + ఉన్మీలనం – గుణసంధి
2. కనీసాధికారం = కనీస + అధికారం – సవర్ణదీర్ఘసంధి
3. ఒకడున్నాడు = ఒకడు + ఉన్నాడు – ఉత్వసంధి

VI. సమాసాలు
1. అధికారవిభజన – అధికారం యొక్క విభజన – షష్ఠీ తత్పురుష సమాసం
2. చూపుడువేలు – చూపుడు అనే పేరు గల వేలు – సంభావనాపూర్వపద కర్మధారయ సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో గాని, మీ కళాశాలలో గాని ఉన్న కంప్యూటరులో ఎన్ని ఖాతాలున్నాయో, వాటిలో నిర్వాహకుని ఖాతా ఎవరిదో, విలువైన ఫైళ్ల నకలు ఎక్కడ ఉన్నదో తెలుసుకొని ఒక పుటకు మించకుండ రాయండి. పాస్‌వర్డులను మాత్రం రాయవద్దు.